అక్క చేతికి సరిపడే పెన్ను

మా అక్కా నేనూ మాటలు మానేసిన ఆరేళ్ళకి డాక్టర్లు ఆమె గొంతు తీసేశారు.

ఇలా చెప్తే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నాకూ ఒక్కోసారి వస్తుంది. ఆరేళ్ళు ఎదురుపడితే మొహం తిప్పుకున్నవాళ్ళం. తీరా ఒకే కప్పు కింద ఉండాల్సి వచ్చేసరికి, ఒకరికి నోరుండీ మాట పెగలదు, ఇంకొకరికి పెగలడానికి గొంతే లేదు. ఆసుపత్రి నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మని ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేను. నాకు ఆఖరి సంవత్సరం. హాస్టల్లో ఉంచుకోనివ్వరు. నీకు కోపం ఉందని తెలుసు, కానీ నువ్వు తప్ప ఎవరున్నారు?" అంది. బావ పోయి పదేళ్ళు దాటింది. నేను ఒంటరిదాన్ని, నా కాపురమంతా లేత్ మెషీన్‌తోనే. "తీసుకురా" అన్నాను. అంతకంటే తియ్యగా మాట్లాడటం నాకు చేతకాదు.

వానలు మొదలైన వారం వచ్చింది అక్క. ఒక సంచీ, మందుల డబ్బా, అరడజను గీతల పుస్తకాలు. మెడ ముందు చిన్న తెల్లగుడ్డ కట్టుకుంది. దాని వెనక ఉన్న రంధ్రంలోంచే ఆమె ఊపిరి. వాకిట్లో నిలబడి ముందుగది అంతా కలయజూసింది. ముందుగది నా పనిగది. ఒక మూల లేత్, గోడకి ఉలులు, కిటికీ గట్టు మీద పాళీల డబ్బాలు, కింద ఎప్పుడు ఊడ్చినా మళ్ళీ పేరుకునే నల్లటి ఎబొనైట్ పొట్టు, పెన్నులకి వాడే గట్టి రబ్బరుది. చేత్తో పెన్నులు చెయ్యడం నా వృత్తి. పద్దెనిమిదేళ్ళ నుంచి అదే. అక్క ఆ పొట్టు మీద చెప్పులు తుడుచుకుని లోపలికి నడిచింది. వెనకగదిలో, వరండా కిటికీ పక్కన ఆమెకి మంచం వేశాను.

మా గొడవ ఒక్క ముక్కలో చెప్తాను. అమ్మ అక్క దగ్గరే ఉండేది. ఒకరోజు బాత్రూంలో జారిపడి మంచం పట్టింది. పదకొండు రోజులు మంచంలో ఉంది. నాకు ఒక్క ఫోన్ రాలేదు. పన్నెండో రోజు పొద్దున వచ్చింది. మా రెండు ఊళ్ళ మధ్య రెండు గంటల బస్సు ప్రయాణం. నేను వెళ్ళేసరికి అమ్మ లేదు. "ఎందుకు చెప్పలేదే?" అని నలుగురి ముందూ అరిచాను. అక్క లెక్కల టీచరు. క్లాసులో మాట్లాడితే రోడ్డు మీదికి వినిపించే మనిషి. ఆ రోజు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఆ ఒక్క జవాబు కోసం ఆరేళ్ళు కాచుకున్నాను. ఆమె మా ఇంటికి వస్తోందంటే జాలి కలిగిన మాట నిజమే, కానీ జాలి కంటే ముందు కలిగింది ఆశ. ఇప్పుడైనా చెప్తుందని.

ఎలా చెప్తుంది? మందుల దెబ్బకి ఆమె వేళ్ళు మొద్దుబారిపోయాయి. గుండీ పెట్టుకోవాలంటే పది నిమిషాలు. ఫోన్‌లో అక్షరాలు నొక్కితే, ఏది నొక్కిందో వేలికి తెలియక, మూడేసి ఒకేసారి పడేవి. బాల్‌పెన్ ఇస్తే ఒత్తి రాయడానికి బలం చాలేది కాదు. నా ఇంకు పెన్నులు ఇచ్చాను, వాటికి ఒత్తిడి అక్కర్లేదు కదా అని. పాళీ బాగానే నడిచేది. పెన్నే నిలిచేది కాదు. వేళ్ళ మధ్య ఉందో జారిందో ఆమెకి తెలిసేది కాదు. రెండో మాట రాసేలోపు పెన్ను పక్క మీద, సిరా దుప్పటి మీద. వారంలో మూడు దుప్పట్లు నీలం చేసింది. కోపంతో ఒకసారి పెన్ను గోడకేసి కొట్టింది. నేను చేసిన పెన్నుని నా ఇంట్లో గోడకి కొడితే మామూలుగా నేను ఊరుకోను. ఆ రోజు ఊరుకున్నాను.

లావుగా చేస్తే ఆగుతుందనిపించింది. మార్కెట్లో దొరికే కడ్డీలన్నీ నా బొటనవేలు లావు. దాన్ని తరిగితే సన్నబడుతుందే తప్ప లావెక్కదు. ఆమె గుప్పెట్లో మట్టిముద్ద పెట్టి పిసకమన్నాను. వేళ్ళ గుర్తులు పడ్డాయి. కొలిస్తే మధ్యలో అంగుళం పైనే ఉంది. అంత కడ్డీ ఎక్కడా లేదు. పోత పోసుకోవాలి. పద్దెనిమిదేళ్ళు ఎబొనైట్ తప్ప ముట్టని నేను, రెజిన్ పెన్నులు చేసేవాళ్ళని "ప్లాస్టిక్ బొమ్మలాళ్ళు" అని ఎగతాళి చేసిన నేను, గొడుగేసుకుని టేబుళ్ళాయన దగ్గరికి వెళ్ళాను.

టేబుళ్ళాయన కలప డిపో వెనక షెడ్డులో ఉంటాడు. పగిలిన చెక్కల సందుల్లో రెజిన్ పోసి బల్లలు చేస్తాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎబొనైట్ మేడమ్ మా షెడ్డుకి వచ్చారంటే వానలు గట్టిగానే పడతాయి" అన్నాడు.

"వెక్కిరింపులు తర్వాత. నేర్పిస్తారా లేదా?"

"నేర్పడానికేముందమ్మా. ఇందులో రెజిన్, ఇందులో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. వంద గ్రాములకి యాభై. నిదానంగా కలపాలి, గిలక్కొడితే బుడగలు. కలిపాక మీ చేతిలో నలభై నిమిషాలే. ఆ తర్వాత దాని ఇష్టం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కళ్ళతో కొలవకండి. చెయ్యి తిరిగినవాళ్ళే ఇక్కడ బోల్తా పడేది."

తలూపాను. ఇంటికొచ్చి కళ్ళతోనే కొలిచాను. పద్దెనిమిదేళ్ళు వెంట్రుకవాసి తేడా కంటితో పట్టినదాన్ని, వందకి యాభై పట్టలేనా అని పొగరు. ప్లాస్టిక్ గొట్టం ముక్కకి అడుగు మైనంతో మూసి, లోపల కూడా మైనం రాసి, పోశాను. మూడు రోజులు ఆగి విప్పితే అది జిగురుగానే ఉంది. వేలికి అంటుకుని, తీస్తే సాగుతోంది. సరే, హార్డెనర్ తగ్గిందేమో అనుకున్నాను. రెండోసారి బుద్ధిగా తూచాను కానీ, ఒకేసారి నాలుగు కడ్డీలు పోసేద్దామని పెద్ద మగ్గులో అరకిలో పైగా కలిపాను. గొట్టాలు సర్దుకునేలోపు మగ్గులోంచి పొగ. ముట్టుకుంటే చెయ్యి కాలింది. మగ్గు అడుగు మెత్తబడి వంగింది, రెజిన్ లోపలే ఉడికి పసుపుపచ్చగా పగిలింది. తిట్టుకుంటూ దాన్ని వరండాలోంచి వానలోకి విసిరాను.

కిటికీ మీద టకటకా శబ్దం. తిరిగి చూస్తే, అద్దం అవతల మంచం మీద అక్క. చేతిలో చెంచా. భుజాలు ఊగుతున్నాయి. ఒక్క క్షణం ఊపిరాడట్లేదనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. శబ్దం లేని నవ్వు ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

టేబుళ్ళాయన దగ్గరికి మళ్ళీ వెళ్తే, "మీ అక్కగారికి ఆ వాసన తగలకూడదు, తలుపులు మూసి ఆవిణ్ణి లోపలే ఉంచండి" అన్నాడు. అందుకే పని వరండాలో, అక్క గదిలో, మధ్య కిటికీ అద్దం. మూడోసారి నేను కాటా కిటికీ ముందుకి జరిపి, అంకెలు తనకి కనబడేలా తిప్పాను. ఎందుకు అలా చేశానో చెప్పలేను. లెక్కలు ఆమెవి కదా అనిపించింది, అంతే. అక్క కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగింది. నేను సీసా వంచాను. చెంచాతో అద్దం మీద రెండు దెబ్బలు, అంటే పొయ్యమని. పోశాను. ఒక్క దెబ్బ, ఆపు. సరిగ్గా నూరు గ్రాములు. హార్డెనర్ నలభై తొమ్మిది దగ్గర ఆపబోతే రెండు దెబ్బలు గట్టిగా కొట్టింది. ఒక్క బొట్టు వేశాను. యాభై. అప్పుడు ఒక్క దెబ్బ.

అలా మొదలయ్యింది మా మాటలు కలపడం. సీసాని వేణ్ణీళ్ళలో పెట్టి పలచన చెయ్యడం, పుల్లతో గ్లాసు గోడ వెంట నిదానంగా తిప్పడం, కాసేపు ఊరుకోనివ్వడం, సన్నటి ధారగా గొట్టం అంచున పొయ్యడం, పైకొచ్చిన బుడగల మీద వేడిగాలి కొట్టడం. వానాకాలం చెమ్మ తగలకుండా చెక్కపెట్టెలో బల్బు వేసి ఆ పెట్టెలో గొట్టాలు నిలబెట్టాను. అక్క వాచీ చూసి, పది నిమిషాలకోసారి చెంచాతో గుర్తుచేసేది. క్లాసులో పిల్లలకి ఎలా ఉండేదో గాని, నాకు మాత్రం బెత్తం లేని లోటు తెలియలేదు.

మూడోది బుడగలు పట్టి పోయింది, నాలుగోది కుదిరింది. రంగు ఆమెనే ఎంచుకోమన్నాను. పొడుల డబ్బాలు ముందు పెడితే ముదురు నీలం మీద వేలు పెట్టింది. గొట్టం కోసి తీస్తే కడ్డీ నున్నగా, లోపల మబ్బు కదిలినట్టు నీలంగా ఉంది. లేత్ మీదికి ఎక్కించాను. ఎబొనైట్ పొట్టుగా రాలుతుంది, ఇది పొడుగాటి రిబ్బన్లుగా ఊడి చేతులకి చుట్టుకుంది. మట్టిముద్దలో అక్క వేళ్ళు పడ్డచోటల్లా పల్లం తీశాను. ఒళ్ళు లావు, మూతి దగ్గర కొద్దిగా నడుం, పెద్ద పాళీ. తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మెరుగుపెట్టి, సిరా నింపి ఆమె చేతిలో పెట్టాను.

పట్టుకుంది. ఆగింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా పెద్దపెద్ద అక్షరాలతో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఆ జవాబే రాస్తోందనుకున్నాను. పుస్తకం నా వైపు తిప్పింది.

"నీ వంటలో ఉప్పు తక్కువ. నెల నుంచి చెప్పాలనుకుంటున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నోరు లేకపోయినా నోటి దురుసు పోలేదే నీకు" అన్నాను. అవసరానికి కాకుండా ఆరేళ్ళలో ఆమెతో నేను అన్న మొదటి మాట అది.

ఇక పెన్ను దించలేదు. కిటికీ తెర మార్చమంది. లేత్ పక్కన వైరు తేలి ఉందని చీవాట్లు పెట్టింది. కూతురికి ఫోన్‌లో చూపించమని పేజీలకి పేజీలు రాసింది, ఏ చాప్టరు ముందు చదవాలో. మందుల దుకాణం వాడు బిళ్ళలు తక్కువ ఇచ్చాడని వాడికో ఉత్తరం. రెండు పుస్తకాలు నిండాయి. నేను అడిగిన ఒక్కదానికి తప్ప అన్నిటికీ జవాబులున్నాయి. మళ్ళీ అడగడానికి నాకు పంతం అడ్డొచ్చేది. అడిగింది నేనేగా, ఇంక చెప్పాల్సింది తనేగా. రోజూ రాత్రి ఆమె నిద్రపోయాక పుస్తకం తిరగేసేదాన్ని. సిగ్గులేని పనే.

ఆ నెలాఖరున ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. డాక్టరు నన్ను నడవాలోకి పిలిచి చెప్పాడు. క్యాన్సర్ మళ్ళీ వచ్చింది, ఈసారి ఊపిరితిత్తుల్లో. నేను మొహం కడుక్కుని గదిలోకి వెళ్ళాను. అక్క అప్పటికే పుస్తకం తెరిచి పెట్టుకుంది.

"డాక్టరు ఏమన్నాడో చెప్పకు. లెక్కలు నాకూ వచ్చు."

ఆటోలో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. ఇంటికొచ్చాక ఆమె చెయ్యి నా చేతి మీద పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. నేను తియ్యలేదు.

కొద్ది రోజులకే నీలం పెన్ను కూడా జారడం మొదలుపెట్టింది. వేళ్ళు ఇంకా సన్నబడ్డాయి, మణికట్టు బరువు మొయ్యలేకపోతోంది. ఇంకా లావుగా, ఇంకా తేలిగ్గా కావాలి. లోపల ఎక్కువ బోలుగా తీసి, గోడ పలచగా ఉంచాలి. అలా చెయ్యాలంటే ఒక్క బుడగ ఉండకూడదు, ఉంటే అక్కడే పగులుతుంది. టైము ఎక్కువ లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె రాయగలిగినన్నాళ్ళే నాకు జవాబు దొరికే అవకాశం.

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. మొదలుపెట్టాను. రెండు దెబ్బలు, ఒక్క దెబ్బ, నూరు. రెండు దెబ్బలు, ఒక్క దెబ్బ, యాభై. కలిపాను, ఆగాను, గ్లవ్స్ నిండా జిగురు. గొట్టం పట్టుకుని ధార మొదలుపెట్టాను. ధార మొదలుపెట్టాక ఆపితే మధ్యలో గాలి చిక్కుతుంది. అది అక్కకి నాకంటే బాగా తెలుసు.

చెంచా శబ్దం కాదు. కాగితం అద్దానికి ఆనించిన చప్పుడు. తలెత్తాను. ముందే రాసి పెట్టుకుందన్నమాట. పేజీకి నాలుగైదు వరుసలే, అంతంత పెద్ద అక్షరాలు. రెండు అరచేతులతో అద్దానికి ఒత్తి పట్టుకుంది.

"పడ్డ రెండో రోజు నుంచి అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. చిట్టీ అని పిలిచింది."

చిట్టి నేను. అమ్మ ఒక్కతే నన్నలా పిలిచేది. నా చెయ్యి ఆగలేదు, ధార సన్నగా పడుతూనే ఉంది. ఆ పేజీ తీసి ఇంకోటి పెట్టింది.

"నన్ను నువ్వనుకుంది. కాదమ్మా పెద్దదాన్ని అన్నాను. వినలేదు. మర్నాడు ఆ పేరుకే పలికాను."

మూడో పేజీ.

"నా చెంప నిమిరింది. నా జడ వేసింది. నలభై నాలుగేళ్ళలో నాకెప్పుడూ అలా చెయ్యలేదు. నీకే చేసేది."

నాలుగోది.

"నువ్వొస్తే నేను మళ్ళీ నేనైపోతాను. రేపు పిలుద్దాం రేపు పిలుద్దాం అనుకున్నాను. అలా పదకొండు రోజులు."

ఆఖరిది పెట్టడానికి చాలాసేపు తంటాలు పడింది. కాగితం రెండుసార్లు కిందపడింది.

"అవి నీ రోజులు. నేను వాడుకున్నాను."

ధార ఎక్కడో తెగింది. మళ్ళీ కలుపుకున్నాను. గొట్టం నింపాను. బుడగలకి గాలి కొట్టాను. పెట్టె మూసి బల్బు వేశాను. నేను లేచి వెళ్ళిపోలేని నలభై నిమిషాలు చూసి మరీ చెప్పింది. నా సంగతి ఆమెకి తెలుసు. పనంతా అయ్యాక గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, ఆమె గదిలోకి వెళ్ళకుండా ముందుగదిలోకి పోయి లేత్ ముందు కూర్చున్నాను.

కోపం వచ్చింది. దానితో పాటు సంతోషం కూడా వచ్చింది, అమ్మ ఆఖరిదాకా నా పేరే పిలిచిందని. ఆ సంతోషానికి సిగ్గేసింది. తర్వాత అక్క జడ గుర్తొచ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి, నెరిసిన జుట్టుతో, వేరే వాళ్ళ పేరుకి పలుకుతూ, జడ వేయించుకోవడానికి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంటుంది. ఏడ్చాను. అయినా కోపం పోలేదు.

నాలుగు రోజులు మాట్లాడలేదు. మందులిచ్చాను, గంజి తాగించాను, మెడ గుడ్డ మార్చాను, దుప్పటి మార్చాను. నోరు మాత్రం విప్పలేదు. ఆమెకి ఉన్నవే కొద్ది రోజులని తెలిసీ అందులోంచి నాలుగు తీసుకున్నాను. ఐదో రోజు పొద్దున నీలం పెన్ను రెండు చేతులతో పట్టుకుని రాసింది.

"కడ్డీ గట్టిపడిందా?"

"పడింది."

"మరి?"

"నాకింకా కోపం పోలేదు" అన్నాను.

"తెలుసు. ఉంచుకో. నీకు అలవాటేగా."

ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరింత లేదు. అలసిపోయి ఉంది. ఆ రోజే కడ్డీని లేత్ మీదికి ఎక్కించాను. ధార తెగినచోట రెండు బుడగలున్నాయి, ఆవగింజంతవి. టేబుళ్ళాయన చూస్తే పారేసి మళ్ళీ పొయ్యమనేవాడు. మళ్ళీ పోసి మూడు రోజులు ఆగే వ్యవధి లేదు. ఆ చోట కాస్త మందంగా ఉంచి, మిగతాదంతా పలచగా తీశాను. పగల్లేదు. చిన్న సీసా అంత లావుతో, తేలిగ్గా, గుప్పెట్లో ఒదిగింది. దానితో ఆమె ఎక్కువ రాయలేదు. రాసినవాటిలో ముఖ్యమైంది ఇది.

"అమ్మాయికి శుక్రవారం ఆఖరి పరీక్ష. అంతవరకు ఏం చెప్పకు. అయిన వెంటనే పిలు."

"పిలుస్తాను" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

బుధవారం జ్వరం వచ్చింది. డాక్టరు ఇంటికొచ్చి చూసి, ఆసుపత్రి అక్కర్లేదు, ఇంట్లోనే నెమ్మదిగా ఉంచమన్నాడు. ఆ మాటకి అర్థం అడగలేదు. గురువారానికి పెన్ను పట్టుకోవడం మానేసింది. నేను ఆమె చెయ్యి నా అరచేతిలో పెట్టుకున్నాను. రెండు తట్లు అంటే ఔను, ఒక తట్టు అంటే వద్దు. నీళ్ళు కావాలా? రెండు. దుప్పటి తియ్యనా? ఒకటి. కిటికీ తియ్యనా? రెండు.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. అక్క నిద్రలో ఉంది. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను.

"పిన్నీ, అయిపోయాయి! బాగా రాశాను. అమ్మ ఎలా ఉంది? ఇప్పుడే బయల్దేరనా?"

చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి తోడు, చెప్పడానికే తెరిచాను. అద్దంలోంచి అక్క కనిపిస్తోంది. పిల్ల వస్తే మంచం పక్కన పిల్ల కూర్చుంటుంది. ఆ చెయ్యి పిల్ల చేతిలోకి వెళ్తుంది. అలా జరగడమే న్యాయం. నేను తలుపు దగ్గర నిలబడి, నీళ్ళు అందిస్తూ, వంట చేస్తూ ఉంటాను. ఆరేళ్ళు పోగొట్టుకుని, నాలుగు రోజులు మొండికేసి, నాకు మిగిలింది ఎంత?

"బాగానే ఉందమ్మా, పడుకుంది. నువ్వు రాత్రంతా చదివి ఉంటావు. ఒకట్రెండు రోజులు నిద్రపోయి, సామాన్లు సర్దుకుని నిదానంగా రా" అన్నాను.

"నిజంగా బాగానే ఉందా?"

"ఉంది."

నాకు తెలిసే చేశాను. పొరపాటున చెయ్యలేదు.

శనివారం మొత్తం వాన. పని ముట్టుకోలేదు. తలుపులన్నీ వేసి, చిన్నప్పటిలా అక్క పక్కన మంచం మీద పడుకున్నాను. ఆరేళ్ళలో జరిగినవన్నీ చెప్పాను. నాకు వచ్చిన పెద్ద ఆర్డరు, అది పోగొట్టుకున్న విధానం, ఒకసారి ఆమె స్కూలు ముందు నుంచి వెళ్తూ బస్సులోంచి ఆమె గొంతు విని ఏడ్చిన సంగతి. నిజంగా? అన్నట్టు చూసింది. "నిజంగానే. ఏడో ఎక్కం చెప్పిస్తున్నావు" అన్నాను. నా చేతిలో వేళ్ళు కదిలాయి. రెండు తట్లు, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. అమ్మ నా పేరు పిలుస్తూ ఇంకేమేమి అందని అడిగాను. గుర్తుందా అంటే రెండు. మంచి మాటలేనా అంటే రెండు. మధ్యాహ్నం ఒకసారి కళ్ళు తలుపు వైపు తిప్పి, పెదాలు కదిపింది. అమ్మాయి, అని అడుగుతోంది. నాకు అర్థమయ్యింది.

"బయల్దేరింది. వచ్చేస్తోంది" అన్నాను.

రెండు తట్టింది. చీకటి పడేదాకా తలుపు వైపే చూసింది.

ఆదివారం తెల్లవారేసరికి అరచేతిలో చెయ్యి కదల్లేదు. ఊపిరి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, ఎటూ చూడట్లేదు. "అక్కా, నీళ్ళు కావాలా?" అన్నాను. "అక్కా, కిటికీ తియ్యనా?" అన్నాను. ఎన్ని అడిగినా అంతే. అప్పుడు ఫోన్ చేశాను.

పన్నెండు గంటలకి పిల్ల వచ్చింది. బ్యాగు వాకిట్లోనే పడేసి, తడిసిన చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి చెయ్యి చెంపకి ఆనించుకుని, "అమ్మా, నేనొచ్చానమ్మా, ఇటు చూడు" అని ఎంతసేపు పిలిచిందో నేను లెక్కపెట్టలేదు. సాయంత్రం నాలుగింటికి ఊపిరి ఆగిపోయింది. పిల్ల ఏడుపు తగ్గాక గోడకి ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని తల నిమిరాను. నా ఒళ్ళో తల పెట్టుకుంది. తలెత్తకుండానే అడిగింది.

"పిన్నీ, నేను నిన్న వచ్చుంటే అమ్మ నన్ను గుర్తుపట్టేదా?"

"లేదు తల్లీ" అన్నాను.